లిస్టులో లేని ఊరు

ఆ వేసవిలో నేను "సర్" అన్నన్నిసార్లు అంతకుముందు ఇరవై ఏళ్ళలో అని ఉండను.

బెంగళూరు పక్కన జిగణిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకర్‌ని నేను. కుట్టిన చొక్కా నా బల్లమీదికి వస్తుంది. తిప్పి చూస్తాను. గుండీ వంకరైతే, కుట్టు జారితే ఎర్ర స్టిక్కరు అంటించి పక్కకు తోస్తాను. ఆ ఏడాది మా ఇంటిల్లిపాదినీ ఎవరెవరో అట్లాగే తిప్పి చూశారు.

ఏప్రిల్ చివర్లో మొదలైంది. మా అమ్మాయి వర్షిణికి నర్సింగ్ ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. ఒడిశాలో సెంట్రల్ గవర్నమెంటు కాలేజీ. "ఎస్టీ కోటాలో సీటు గ్యారంటీ సింగమ్మా. సర్టిఫికెట్ ఒక్కటి జూన్ ముప్పై లోపల అప్‌లోడ్ చేస్తే అయిపోయింది" అంది వాళ్ళ లెక్చరర్ శశికళ మేడం. ఆ "ఒక్కటి" అన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేం కోయవాళ్ళం. మాది గోదావరి ఒడ్డున ఈతలగొంది. ఆనకట్ట నీళ్ళు నిలిచాక ఊరు మునిగిపోయింది. అది మునగడానికి చాలా ముందే నేనూ మా ఆయన రామూ పని వెతుక్కుంటూ జిగణి వచ్చేశాం. రాము గ్రానైట్ యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వర్షిణి పుట్టింది ఇక్కడే. మా అత్త కన్నమ్మకు గవర్నమెంటు వాళ్ళు కాలనీలో ఒక ఇల్లు ఇచ్చారు. చుట్టూ చెట్టన్నది లేదు. కొళాయిలో వారానికి రెండుసార్లు నీళ్ళు. ఒక్క వానాకాలం ఉండి, మూడుసార్లు జ్వరం పడితే మేమే వెళ్ళి తీసుకొచ్చేశాం.

"నా చిన్నప్పటి కాయితం ఉండాలి కదా" అన్నాడు రాము. కాసేపు ఆలోచించి, "ట్రంకుపెట్టెలో ఉండేది. పెట్టె ఊళ్ళోనే పోయింది" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే. ఇల్లు కాలిపోయిందన్నా, కూర మాడిందన్నా ఒకే గొంతు.

నెట్ సెంటర్ దర్శన్ దగ్గరికి పోయాం. జిల్లా నొక్కాడు, మండలం నొక్కాడు. తర్వాత ఊళ్ళ పేర్లు వరసగా వచ్చాయి. పైకీ కిందికీ మూడుసార్లు జరిపాడు.

"అక్కా, నీ ఊరు లిస్టులో లేదు కదక్కా."

"మునిగిపోయిందప్పా."

"మునిగితే లిస్టులోంచి కూడా తీసేస్తారా?" అన్నాడు వాడు నిజంగా ఆశ్చర్యపోయి. "పక్కన ఉండే ఊరు ఏదన్నా చెప్పు, అది కొడదాం."

పక్క ఊరూ మునిగింది. ఆ పక్కదీ మునిగింది. చివరికి కొండమీది ఒక ఊరి పేరు దొరికింది. అది కొట్టాం. ఎనిమిది రోజులకు వెనక్కి వచ్చింది: దరఖాస్తుదారు ఈ గ్రామ నివాసి కారు. నిజమే కదా మరి!

ఇక్కడి ఆఫీసుకు పోతే, "మీ కులం ఆంధ్రలో ఉంది, అక్కడే ఇవ్వాల" అన్నారు. అక్కడికి ఫోన్ చేస్తే, "మీరు ఉండేది బెంగళూరులో కదమ్మా, అక్కడే అడగండి" అన్నారు. మనిషి ఒకచోట, కులం ఒకచోట ఉండే వింత మా ఇంట్లోనే జరిగినట్టు మాట్లాడారు. నెల రోజులు పోయాక, మా ఫోన్లు భరించలేకో ఏమో, అక్కడివాళ్ళు ఇక్కడివాళ్ళకు ఒక ఉత్తరం రాశారట: వీళ్ళు నిజంగా కోయలో కాదో మీరే ఇంటికి పోయి విచారించి చెప్పండి అని.

అట్లా జూన్ మొదటివారంలో ఒక ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు.

మాది వఠారం. కింద మూడు ఇళ్ళు, పైన మూడు ఇళ్ళు, అందరికీ ఒకటే ట్యాంకు. ఓనరు చిక్కమునియప్ప ఆనేకల్ వాడు. ఆఫీసరు మెట్లెక్కుతుంటే ఆయన కూడా పంచె సర్దుకుంటూ వెనకాలే వచ్చాడు. వచ్చిన పని విని నోరు తెరిచాడు.

"ఏమ్మా సింగమ్మా, మీరు దొరలని చెప్పింటిరి కదమ్మా! ఏదో పాళేగార్ల వంశమనుకొంటిని నేను."

మా వైపు కోయవాళ్ళను దొరలనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇల్లు అడగడానికి వచ్చినప్పుడు "మీరు ఏమోళ్ళప్పా?" అంటే రాము "దొరలం" అన్నాడు. అబద్ధం కాదు. నిజం మొత్తం మేమూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఇల్లంతా చూశాడు. ఫ్రిజ్ దగ్గర చూపు ఆగింది. కాగితంమీద రాసుకున్నాడు.

"ఫ్రిజ్ ఉండాదే."

"పాతది సార్ అది. మా ఇంట్లోది నేనే ఇచ్చింటిని" అన్నాడు చిక్కమునియప్ప సాయం చేస్తున్నాననుకుని.

"పాప పేరు వర్షిణి. ఇది ట్రైబల్ పేరా?"

"మీ పాప పేరేంటి సర్?" అన్నాను. రాము నా మోచెయ్యి నొక్కాడు.

"మీ పండుగ ఏది?"

"భూమి పండుగ సర్" అన్నాడు రాము.

"ఇక్కడ చేస్తారా?"

"ఇక్కడ మాకు భూమి ఏది సర్? ఉండేది మిద్దెమీద."

చేయరు అని రాసుకున్నాడు.

"వేటకు పోతారా?"

"బన్నేరుఘట్టలోకి పోతే ఫారెస్టువాళ్ళు కేసు పెడతారు సర్."

పోరు అని రాసుకున్నాడు. ప్రతిదానికీ రాము ఉన్న మాటే చెప్పాడు. ప్రతి ఉన్న మాటా ఆ కాగితంమీదికి పోయేసరికి మాకు ఎదురు తిరిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ కాగితం నా బల్లమీదికి వచ్చి ఉంటే ఎర్ర స్టిక్కరు అంటించేదాన్ని.

చివరికి వర్షిణి వైపు తిరిగాడు. గొంతు కొంచెం మెత్తగానే ఉంది. "పాపా, మీ భాషలో ఏదన్నా మాట్లాడు. నాలుగు మాటలు చాలు."

వర్షిణి నావైపు చూసింది. నేను నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తాడు. "పాపనే చెప్పనీమ్మా."

"నన్న..." అంది వర్షిణి.

"నాన్ననా? అది తెలుగు కదా."

"కాదు సర్. మా భాషలో నన్న అంటే నేను."

"సరే. నేను... తర్వాత?"

తర్వాత ఏమీ లేదు. ఆ పిల్ల దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అత్తను అడిగాడు ఆఫీసరు. "అవ్వా, నువ్వన్నా చెప్పు."

అత్త తల ఎత్తలేదు. ఇంకో గింజ తీసి పళ్ళెంలో వేసింది.

"చెవుడా?"

"కాదు సర్, బాగా వినపడుతుంది" అన్నాడు రాము. అది కూడా ఉన్న మాటే.

ఆయన వెళ్ళిపోయాక వర్షిణి పుస్తకాల సంచి ఎత్తి గోడకేసి కొట్టింది.

"ఎందుకు నేర్పలేదు నాకు? మీరిద్దరూ మాట్లాడుకుంటారు కదా! నేను వచ్చేసరికి ఆపేస్తారు. కన్నడం వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు. అడిగింది మాత్రం రాదు."

నేను చదివిన హాస్టల్లో కోయ మాట మాట్లాడితే మా వార్డెను మోకాళ్ళమీద కూర్చోబెట్టేది. ఎనిమిదేళ్ళ దాన్ని, నీళ్ళు కావాలని "ఏరు" అంటే, క్లాసంతా ఏరు ఎక్కడుంది, వాగు ఎక్కడుంది అని నవ్వారు. నా బిడ్డకు అది వద్దనుకున్నాను. మంచే చేశాననుకున్నాను. అవన్నీ ఆ పిల్లకు ఆ పూట చెప్పలేదు. "అరవకు, కింద వింటారు" అన్నాను. ఆ మాట అన్నందుకు నామీద నాకే చిరాకేసింది.

కింద అప్పటికే విన్నారు. ఓనరు భార్య భాగీరథమ్మ మర్నాడు ఖాళీ సీసా పట్టుకుని పైకి వచ్చింది.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ చెప్పనే లేదే! ఫోన్లో చూస్తా ఉంటాను, ఆదివాసీల తల నూనె. మోకాళ్ళదాకా జుట్టు వస్తాదంట. మీ అత్తకు చేసేది తెలుసుంటాది కదా."

"నా జుట్టే ఊడిపోతోందమ్మా, ఈ బోరు నీళ్ళకు" అన్నాను. ఆమె నమ్మలేదు. దాచిపెడుతున్నానని మొహం మాడ్చుకుని దిగిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయపడ్డాను. అదీ లేదు. దొరలు కాస్తా అడవి వైద్యులైపోయాం, అంతే. చిక్కమునియప్ప నడుం నొప్పికి ఆకు అడిగాడు.

జూన్ పద్దెనిమిదిన దర్శన్ ఫోన్ చేసి చదివాడు: "గిరిజన లక్షణాలు కనబడలేదు. తిరస్కరణకు సిఫారసు."

లక్షణాలు! జ్వరానికి ఉంటాయి లక్షణాలు.

"వదిలేద్దాం సింగీ" అన్నాడు రాము అన్నం కలుపుకుంటూ. "ఆనేకల్‌లో డిగ్రీ కాలేజీ ఉంది. బస్సు ఉంది."

"నువ్వు ముందు ఆ అన్నం వదిలెయ్యి" అన్నాను. తినే మనిషిని అంత మాట అనకూడదు. అన్నాను.

అప్పుడు మాట్లాడింది మా అత్త. ఆఫీసరు పోయినప్పట్నుంచీ నోరు మెదపని మనిషి.

"ఊరు తీసుకునేప్పుడు ఎవుళ్ళూ అడగలేదే, కోయ మాట చెప్పండి, ఇంటాం అని. గడప గడపకీ వచ్చారు. మమ్మల్ని నోరు తెరవనియ్యకుండానే కోయ, కోయ, కోయ అని వరసంట రాసేసుకున్నారు. కోళ్ళు కూడా రాసుకున్నారు. తీసుకునేప్పుడు మేం కోయోళ్ళమే. ఇచ్చేప్పుడు కాదా? పోయి ఆ పుస్తకం తెరవమను."

రాము చెయ్యి అన్నంలోనే ఆగింది. నేను గ్లాసు కింద పెట్టాను. నెలన్నర నుంచి మాలో ఒక్కరికి కూడా, ఊరు ముంచేముందు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న ఆ సర్వే పుస్తకం గుర్తు రాలేదు.

ఫ్యాక్టరీలో షిప్‌మెంటు టైము. మూడు రోజులు సెలవు అంటే సూపర్‌వైజరు మునీంద్ర నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, ఈ వారం తప్ప ఏ వారమన్నా అడుగు." ఈ వారం తప్ప నాకు వేరే వారం లేదు. చెప్పకుండానే వెళ్ళిపోయాను, అత్తను తీసుకుని. రాజమండ్రి దాకా రైలు, అక్కణ్ణుంచి రెండు బస్సులు. దారంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికే చూసింది. గోదావరి వంతెన వచ్చినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది.

మా మండలం ఆఫీసులో పాత రికార్డులు చూసే గుమాస్తా పేరు మస్తాన్. కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని, వాటికోసం బల్లంతా వెతికే రకం. చెడ్డవాడు కాదు. కానీ పొద్దున పదింటికి పోతే, మీటింగు అన్నాడు. పన్నెండింటికి బీరువా తాళం ఇంకొకరి దగ్గర ఉందన్నాడు. రెండింటికి భోజనం. మేం వరండాలో బెంచీమీద కూర్చున్నాం. ఆ రోజు జూన్ ఇరవై ఆరు. తిరుగు బస్సు నాలుగింటికి. అది పోతే రైలు పోతుంది, రైలు పోతే నా ఉద్యోగం పోతుంది.

మూడున్నరకు పుస్తకం దొరికింది. అట్ట ఉబ్బి ఉంది. కాగితాల అంచులు నీటి మరకలు పట్టి గోధుమరంగుకు తిరిగాయి. మస్తాన్ వేలు పెట్టి కిందికి జరిపాడు.

"ఈతలగొంది... ముప్పై నాలుగు. ఆఁ, ఇదిగో. కుర్సం కన్నమ్మ, భర్త లేటు ముత్తయ్య. కోయ, ఎస్టీ. కొడుకు రాము, కూలికి బెంగళూరు. కోడలు సింగమ్మ. మనవరాలు ఒకరు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఆయన అదే ఊపులో చదువుకుంటూ పోయాడు.

"పెంకుటిల్లు ఒకటి. మేకలు నాలుగు. కోళ్ళు ఆరు. తాడి పదకొండు. చింత ఒకటి. మామిడి రెండు."

"మూడు" అంది అత్త.

"ఏంటవ్వా?"

"మామిడి మూడు."

"ఇందులో రెండు అనే ఉందవ్వా."

"రెండు అనుంటే తప్పు రాసినట్టు. మూడోది వాగు పక్కన. చిన్న చెట్టు. ఆ ఏడే తొలి కాపు. రాసుకోడానికొచ్చినాయనకి కాయ కోసిచ్చాను. ఉప్పేసుకుని తిన్నాడు. రాయలేదు."

గోడ గడియారంలో నాలుగుకు పన్నెండు నిమిషాలు. "అత్తా, ఊరుకో" అన్నాను పళ్ళ బిగువున. "మనకు కావాల్సింది దొరికింది. జెరాక్సు తీయించుకుని పోదాం."

"రాయమను."

"అది క్లోజైపోయిన రికార్డు అవ్వా. అందులో అక్షరం మార్చడానికి నాకు అధికారం లేదు" అన్నాడు మస్తాన్.

"అత్తా! ఆ చెట్టు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది. రాస్తే ఏమొస్తుంది?"

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ఇంత చిన్న సంగతి కోడలికి అర్థం కాలేదేనన్న విసుగు ఉంది.

"ఆ రెండూ కూడా నీళ్ళ అడుగునే ఉన్నాయి. వాటిని రాశారుగా."

నేను గడియారం చూశాను. ఆమెను చూశాను. సంచిలోంచి వర్షిణి మార్కుల జెరాక్సు తీసి, వెనక తెల్లవైపు తిప్పి, మస్తాన్ పెన్ను అడిగి తీసుకున్నాను. ఈతలగొంది, ఇంటి నంబరు ముప్పై నాలుగు, మామిడిచెట్లు మూడు, మూడోది వాగు పక్కన అని రాశాను. అత్త వేలిముద్ర వేసింది.

"పుస్తకంలో మార్చకండి సర్. ఈ అర్జీ తీసుకోండి. అందినట్టు ముద్ర వేసి, అక్కడ పెట్టండి."

మస్తాన్ కళ్ళద్దాలు కిందికి దించుకుని అర్జీ రెండుసార్లు చదివాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ముద్ర వేశాడు, తేదీ వేశాడు, ఆ పేజీకి గుండుసూదితో గుచ్చాడు. తర్వాత పేజీ కాపీ తీసి, దానిమీద కూడా ముద్రకొట్టి, "సర్టిఫికెట్ సంగతి నేను పైవాళ్ళకు ఈ పూటే పంపిస్తాను, వెళ్ళమ్మా" అన్నాడు.

బస్సు ఎనభై నిమిషాలు లేటు, అయినా రైలు అందింది. నా జీవితంలో ఒక ఆలస్యం నాకు పనికొచ్చింది అదొక్కసారే.

సర్టిఫికెట్ జూన్ ముప్పై మధ్యాహ్నం మూడింటికి దర్శన్ కంప్యూటర్లోకి వచ్చింది. కుర్సం అనే మాట కుర్షం అని పడింది. ఊరు దగ్గర ఈతలగొంది లేదు. కాలనీ-2 అని ఉంది. సరిచేయించాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. "వద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని దర్శనే అప్‌లోడ్ బటన్ నొక్కేశాడు. జులై నెలాఖరుకు సీటు వచ్చింది. ఉద్యోగం కూడా పోలేదు. షిప్‌మెంటు పోర్టులో ఆగిపోవడంతో మునీంద్ర నన్ను తిట్టడం మరిచిపోయాడు.

ఆగస్టులో ఇంకొక ముచ్చట. కులం సంగతి వఠారంనుంచి ఫ్యాక్టరీకి పాకింది. హెచ్చార్ రంజిత మేడం నన్ను పిలిపించింది. "సింగమ్మా, తొమ్మిదో తారీకు ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. మీ ట్రైబల్ డ్రెస్‌లో వచ్చి స్టేజీమీద రెండు నిమిషాలు డాన్స్ చేస్తారా? ఆ కొమ్ముల టోపీ ఉంటుంది కదా." ఆమె వెనక పోస్టరు ఉంది. ప్రపంచంలో మావంటివాళ్ళు నలభై ఏడు కోట్లమంది ఉన్నారట. అంతమందిమి ఉన్నామని నాకు తెలియదు. వాళ్ళంతా ఎన్ని దేశాల్లో, ఎన్ని కిటికీల ముందు, ఎన్ని భాషల్లో "సర్" అంటూ నిలబడ్డారో అనిపించింది. ఆ కొమ్ములు మగవాళ్ళు పెట్టుకుంటారు మేడం, ఆ రోజు మా అమ్మాయిని రైలెక్కించాలి అని చెప్పి వచ్చేశాను.

ఆ పొద్దున ఆటో కింద నిలబడి ఉంది. రాము సూట్‌కేసు దించాడు. వర్షిణి మాత్రం కదలదు. అత్త ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"జేజీ, ఒక నాలుగు మాటలు చెప్పు. అక్కడ కూడా ఎవరన్నా అడుగుతారు. నా పేరు వర్షిణి, నేను కోయ, మాది ఈతలగొంది. ఇవి చాలు."

"అయ్యి తర్వాత" అంది అత్త. "ముందు ఇది నేర్చుకో."

కోయలో ఒక మాట చెప్పింది. తెలుగులో చెప్పాలంటే ఇంత: అడగడానికి నువ్వెవరు, ముందు నీ ఊరు చెప్పు.

వర్షిణి నవ్వేసి అనబోయింది. నాలుక తిరగలేదు. మళ్ళీ అంది. అత్త తల అడ్డంగా ఊపింది. కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. చిక్కమునియప్ప "టైమయితా ఉండాది, రాండమ్మా" అని కేకేశాడు. మెజెస్టిక్ స్టేషన్ దగ్గర ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో వీళ్ళకేం తెలుసు, రైలు ఎవరికోసం ఆగుతుంది అని అరవడానికి నోరు తెరిచాను.

"అట్లా కాదే. చివర సాగదీయకు" అన్నాను. "తెంపినట్టు అనాలి."

ఆ మాట మొత్తం ఒక్క ఊపున నేనే అని చూపించాను. గట్టిగానే అన్నాను, కింద నిలబడ్డ వాళ్ళందరూ తలెత్తి చూశారు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంట్లో నా గొంతులో మా భాష గుమ్మం దాటడం అదే మొదలు.

ఆటోవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

"ఉండప్పా!" అన్నాను కిందికి. వర్షిణి వైపు తిరిగి, "ఊఁ, ఇంకోసారి అను" అన్నాను.